నరకనందుకు కూలి



మీరు అంబర్‌పేటలో ఉన్నా, తార్నాకలో ఉన్నా, రామంతాపూర్‌లోనో నాచారంలోనో ఉన్నా, మీ అపార్టుమెంటుకు ఒక వాచ్‌మన్ ఉండే ఉంటాడు. ఒకటో తారీఖు రాగానే అందరం తలా కొంత వేసుకుని అతనికి జీతం ఇస్తాం. ఏం చేసినందుకు? గేటు తీస్తాడు, నీళ్ల మోటారు వేస్తాడు. నిజమే. కానీ అసలు జీతం దేనికంటే, రాత్రిపూట ఏమీ జరగనందుకు. దొంగ రానందుకు. "ఈ నెల దొంగతనం జరగలేదు కదా, మరి నీకు జీతమెందుకు?" అని ఎవరమూ అడగం. ఏమీ జరగకపోవటమే అతను చేసిన పని.

ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఏమీ జరగనందుకు జీతం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇలాంటి కాపలా ఊళ్లలోనూ ఉంది. గట్టు మీది చింతచెట్టును అరవై ఏళ్లుగా కొట్టకుండా ఉంచిన రైతు ఉన్నాడు. ఊరి వెనక గుట్ట మీద అడవిని కాచుకుంటున్న ఆదివాసీ గూడెం ఉంది. వాళ్లు నరకలేదు కాబట్టే ఆ చెట్లున్నాయి. ఆ చెట్ల వల్ల వాళ్లకే కాదు, మనకూ మేలు జరుగుతోంది. మరి ఆ కాపలాకు మనం ఏమిస్తున్నాం? చాలాచోట్ల ఏమీ ఇవ్వటం లేదు.

చెట్టు వల్ల మేలు అంటే నీడ, పండు, గాలి అని అందరికీ తెలుసు. ఇంకో మేలు కంటికి కనిపించదు. చెట్టు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, అందులోని కార్బన్‌ను తన ఒంట్లో దాచుకుంటుంది. ఎండిన చెట్టు బరువులో దాదాపు సగం కార్బనే. ఆ చెట్టును కొట్టి కాల్చామా, ఏళ్ల తరబడి దాచింది కాస్తా మళ్లీ గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కటానికి అదొక కారణం. ఇంకో కారణం మన బళ్లే. ఒక లీటరు పెట్రోలు మండితే రెండు కిలోలకు పైగా, ఇంచుమించు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రోజుకో లీటరు తాగే బండి ఏడాదిలో మూడు వందల రోజులు తిరిగిందనుకోండి. దాదాపు 700 కిలోలు. ఒక్క బండికే అంత. సాయంత్రం ఆరున్నరకు తార్నాక చౌరస్తాలో ఆగి చూస్తే ఎన్ని బళ్లుంటాయో మీకు తెలుసు.

అంటే, పొగ వదులుతున్నది మనం. దాన్ని పీల్చి దాస్తున్న చెట్టు మాత్రం ఎవరో రైతు పొలంలో ఉంది.

ఇప్పుడు ఆ రైతు దగ్గరికి వెళ్దాం. నల్గొండ వైపు ఒక ఊరు అనుకోండి. మూడెకరాల చెలక. గట్టు మీద పెద్ద చింతచెట్టు, పక్కన రెండు వేపలు. కూతురికి కాలేజీ ఫీజు కట్టాలి. వారంలో గడువు. అప్పు పుట్టలేదు. కట్టెల వ్యాపారి వస్తాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. మొదలుకు తాడు చుట్టి చుట్టుకొలత చూస్తాడు. తలెత్తి కొమ్మలు చూస్తాడు. ఒక ధర చెబుతాడు. అది తక్కువని రైతుకు తెలుసు. కానీ డబ్బు ఇవాళే కావాలి, వ్యాపారి జేబులో ఇవాళే ఉంది. మర్నాడు పొద్దున ఇద్దరు మనుషులు కోత మిషన్‌తో వస్తారు. మధ్యాహ్నానికి ట్రాక్టర్ నిండుతుంది. మొద్దు సామిల్లుకు, కొమ్మలు ఇటుక బట్టీకి. తాత నాటిన చెట్టు ఒక్క పూటలో ఊరు దాటిపోతుంది.

ఈ రైతు చెడ్డవాడా? కాదు. చెట్టు మీద ప్రేమ లేనివాడా? అదీ కాదు. నిలబడి ఉన్నంతకాలం ఆ చెట్టు అతని చేతిలో ఇంత నగదు ఒక్కసారిగా పెట్టదు. పడిపోయిన రోజునే పెడుతుంది. అదే చిక్కు. ఈ చిక్కు విప్పకుండా ఎన్ని నినాదాలు రాసినా గోడల మీద ఉండిపోతాయి.

మనకు చట్టం లేదా అంటారేమో. ఉంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. నీళ్లు, భూమి, చెట్ల కోసం వచ్చిన చట్టం అది. అనుమతి లేకుండా చెట్టు కొడితే జరిమానా పడుతుంది. మొక్కలు నాటే పథకాలు లేవా అంటారు. అవీ ఉన్నాయి. తెలంగాణలో 2015 జులైలో హరితహారం మొదలైంది. ఉపాధి హామీలో గుంత తవ్వినందుకు కూలి ఉంది. నీళ్లు పోసినందుకు కూలి ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. కొడితే జరిమానా ఉంది. నాటితే కూలి ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచితే? దానికే ఏమీ లేదు. నిన్న నాటిన జానెడు మొక్కకు లెక్క ఉంటుంది, బోర్డు ఉంటుంది, ఫొటో ఉంటుంది. దాని పక్కనే ఉన్న అరవై ఏళ్ల చింతచెట్టు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కానీ కార్బన్ దాచిపెట్టింది ఆ ముసలి చెట్టు. ఈ మొక్క అంత కావాలంటే మన మనవళ్లు తాతలవ్వాలి.

అందుకే నేను చెప్పేది ఒకే ఒక్క పని. చెట్లను, అడవిని నిలబెట్టిన భూమి యజమానికి డబ్బు చెల్లించాలి. నరకనందుకు కూలి ఇవ్వాలి. చెట్లున్నాయని చూసి ఇవ్వాలి. ఏటేటా ఇవ్వాలి. నేరుగా చేతికి ఇవ్వాలి. మళ్లీ చెబుతున్నాను. చూసి, ఏటేటా, నేరుగా చేతికి.

ఇది ఊహ కాదు. చేసి చూశారు.

ఆఫ్రికాలో ఉగాండా అనే దేశం ఉంది. దాని పడమటి భాగంలో చిన్న రైతుల సొంత భూముల్లోనూ అడవి ఉంది. వాళ్లు కలప కోసం, సాగు కోసం దాన్ని వేగంగా కొట్టేస్తున్నారు. సీమా జయచంద్రన్ అనే ఆర్థికశాస్త్రవేత్త, మరికొందరు కలిసి అక్కడ 121 గ్రామాలు తీసుకున్నారు. చీటీ తీసినట్టు వాటిని రెండు భాగాలు చేశారు. అరవై గ్రామాల రైతులతో ఒక ఒప్పందం చేశారు. "మీ అడవిని రెండేళ్లు కొట్టకండి. హెక్టారుకు ఏడాదికి 70 వేల షిల్లింగులు ఇస్తాం" అన్నారు. 2012 లెక్కలో అది 28 డాలర్లు. అప్పటి మన డబ్బులో ఎకరాకు ఏడాదికి ఆరు వందల రూపాయల దరిదాపు. ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, ఇంటి అవసరానికి కొద్దిగా కొట్టుకోవచ్చు, అమ్మకానికి మాత్రం కొట్టకూడదు. మనుషులు వచ్చి చూసేవాళ్లు. ఫలితాన్ని ఉపగ్రహ చిత్రాలతో కొలిచారు. మిగతా 61 గ్రామాలను ఏ ఒప్పందమూ లేకుండా అలాగే ఉంచారు.

రెండేళ్ల తర్వాత చూస్తే, ఒప్పందం లేని గ్రామాల్లో 9.1 శాతం చెట్ల విస్తీర్ణం పోయింది. డబ్బులిచ్చిన గ్రామాల్లో 4.2 శాతమే పోయింది. అంటే నష్టం సగానికి సగం ఆగింది. ఇంకో మాట చెప్పాలి. అర్హత ఉన్న రైతుల్లో మూడో వంతు మందే ఒప్పందంలో చేరారు. అందరూ చేరకపోయినా ఇంత ఫలితం వచ్చింది. ఇక్కడ ఆపి పక్క అడవిలో కొట్టారా అని కూడా వెతికారు. అలాంటి జాడ కనబడలేదు. ఈ ఫలితాలు 2017లో సైన్స్ అనే పత్రికలో వచ్చాయి.

ఎకరాకు ఆరు వందలు. ఆ సంఖ్య గుర్తుంచుకోండి. దానితో కాసేపట్లో పని ఉంది.

ఇంకో దేశం కోస్టారికా. మధ్య అమెరికాలో చిన్న దేశం. పశువుల మేత భూముల కోసం అడవిని విపరీతంగా నరికేశారు. 1980లకు వచ్చేసరికి దేశంలో అడవి నాలుగో వంతుకు దగ్గరగా పడిపోయింది. 1996లో కొత్త అటవీ చట్టం తెచ్చారు. అడవిని తీసేసి వేరే పనికి వాడటం కుదరదన్నారు. అంతటితో ఆగలేదు. 1997 నుంచి అడవిని ఉంచిన యజమానికి ఒప్పందం రాసి డబ్బు చెల్లించటం మొదలుపెట్టారు. ఆ డబ్బులో పెద్ద భాగం పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్నులోంచి వచ్చింది. బండి నడిపేవాడు కట్టాడు, చెట్టు కాచేవాడు తీసుకున్నాడు. ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా అడవి ఉంది. ఇదంతా ఆ చెల్లింపుల వల్లేనని నేను అనను. గొడ్డుమాంసం ధర పడిపోవటం, పర్యాటకం పెరగటం కూడా పనిచేశాయి. కానీ జరిమానాతో పాటు కూలి కూడా పెట్టారు చూడండి, ఆ జత ముఖ్యం.

దూరదేశాల సంగతి సరే, మన దగ్గర ఎవరైనా చేశారా అని మీరు అడగాలి. చేశారు. ఇది చెప్పటం నాకు చాలా ఇష్టం.

పాత ఆదిలాబాద్ జిల్లా, జైనూర్ మండలంలో పవర్‌గూడ అని ఒక చిన్న ఆదివాసీ గూడెం. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి ఆడవాళ్లు పొదుపు సంఘాలుగా కూడారు. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ, తోడు నిలిచింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సలహా ఇచ్చారు. ఆ ఆడవాళ్లు కానుగను నమ్ముకున్నారు.

కానుగ మీకు కొత్త చెట్టు కాదు. తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచి వెళ్తే దారి పక్కన కనిపిస్తుంది. ఎండాకాలం మొదట్లో లేత ఆకులు నిగనిగలాడతాయి. తెలుపూ లేత ఊదా కలిసిన చిన్న పూలు నేలంతా రాలి ఉంటాయి. మనం తొక్కుకుంటూ వెళ్లిపోతాం. కాయ చూడండి, బాదంకాయలా బల్లపరుపుగా, గట్టి తోలుతో ఉంటుంది. లోపల సాధారణంగా ఒక్కటే గింజ, ఎర్రగోధుమ రంగు. పశువులు ఆకును పెద్దగా ముట్టవు కాబట్టి కంచె లేకపోయినా బతుకుతుంది. గాలిలోని నత్రజనిని నేలలోకి దించుతుంది. ఆకు పొలానికి ఎరువు. గింజలో నూనె ఉంది. నాలుగు కిలోల గింజ ఆడిస్తే సుమారు ఒక లీటరు వస్తుంది. ఆ నూనెను డీజిలుకు బదులు ఇంజన్లలో వాడొచ్చు. మిగిలిన పిండి మళ్లీ చేనుకే వెళ్తుంది.

పవర్‌గూడ ఆడవాళ్లు ఆ గింజలు ఏరారు. నూనె ఆడించారు. కానుగ మొక్కలు నాటారు. ఆ నూనె వాడకం వల్ల ఎంత డీజిలు మండకుండా మిగులుతుందో, దాని వల్ల పదేళ్లలో ఎంత కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 147 టన్నులని తేలింది. అదే సమయంలో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టింది. ఎక్కడెక్కడి నుంచో జనం విమానాల్లో వచ్చారు. ఆ ప్రయాణాల పొగకు బదులుగా, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులను పవర్‌గూడ ఆడవాళ్ల దగ్గర కొన్నది. 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మన డబ్బులో ముప్పై వేలకు కాస్త తక్కువ.

చిన్న మొత్తమే. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. నిక్కచ్చిగా చెప్పాలంటే అది అడవిని ఉంచినందుకు ఇచ్చిన డబ్బు కూడా కాదు, కానుగ నూనె డీజిలును తగ్గించినందుకు ఇచ్చింది. అయినా ఆ గూడెం మనకొక సంగతి రుజువు చేసి చూపింది. వాషింగ్టన్‌లో పొగ వదిలినవాళ్ల డబ్బు, మధ్యలో ఎక్కడా ఇంకిపోకుండా, జైనూర్ మండలంలో చెట్టు పెంచిన ఆడవాళ్ల సంఘానికి చేరింది. 2003లోనే చేరింది. అప్పటికి మన ఊళ్లలో చేతికో ఫోను లేదు, ఇంటికో బ్యాంకు ఖాతా లేదు. అప్పుడు సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు?

అడవికి డబ్బివ్వాలన్న ఆలోచన మన దేశ ఖజానా లెక్కల్లోకి కూడా వచ్చింది. దాన్ని పన్నుల వాటా లెక్కలోకి తెచ్చింది మన తెలుగాయనే. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ యాగా వేణుగోపాల్ రెడ్డి గారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆయన డాక్టరేట్ చేశారు. పద్నాలుగో ఆర్థిక సంఘానికి ఆయన అధ్యక్షుడిగా ఉన్నారు. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచేటప్పుడు ఎవరికెంత అని తేల్చటానికి కొన్ని కొలమానాలుంటాయి. జనాభా ఎంత, విస్తీర్ణం ఎంత, ఆదాయం ఎంత అని. 2015 నుంచి 2020 వరకు వర్తించిన ఆ లెక్కలో, అడవి ఎంత ఉందన్న కొలమానానికి ఆ సంఘం 7.5 శాతం బరువు ఇచ్చింది. తర్వాత వచ్చిన పదిహేనో ఆర్థిక సంఘం దాన్ని 10 శాతం చేసింది. అడవిని ఉంచిన రాష్ట్రం కొంత ఆదాయం వదులుకుంటోంది, దానికి పరిహారం ఉండాలి అన్నది అందులోని న్యాయం. ఇంత పెద్ద ఎత్తున ఇలా చేసిన దేశాలు ప్రపంచంలో చాలా తక్కువ. మనం గర్వపడాల్సిన పని.

కానీ ఆ డబ్బు రాష్ట్ర ఖజానా దాకా వచ్చి ఆగుతుంది. దాన్ని అడవికే ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. అడవి లెక్కలో వచ్చిన రూపాయి అడవిని కాచిన గూడేనికి చేరాలన్న నియమం లేదు. వాచ్‌మన్ పేరు చెప్పి మెయింటెనెన్స్ వసూలు చేసి, వాచ్‌మన్‌కు ఇవ్వకపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది.

ఊరి స్థాయిలో చూస్తే, 1992 నుంచి మన దగ్గర వన సంరక్షణ సమితులున్నాయి. ఊరివాళ్లు ప్రభుత్వ అడవిని కాపాడితే కలపలో వాటా ఇస్తామన్నారు. మంచి ఆలోచనే. ఎన్నో ఊళ్లు కష్టపడి కాచాయి. కానీ ఆ వాటా ఎప్పుడొస్తుంది? కలప కొట్టినప్పుడు. నిలబడ్డ చెట్టుకు అక్కడా ధర లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. అంబర్‌పేట, తార్నాక శ్రోతలకు ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది భూమి యజమానులు. మన నగరం తూర్పు వైపు స్థిరపడ్డ కుటుంబాల్లో చాలా నల్గొండ నుంచో, భువనగిరి, సూర్యాపేట, వరంగల్ వైపు నుంచో వచ్చినవే. బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. దానిమీద ఎకరానికింత అని ప్రభుత్వం డబ్బు వేస్తోంది.

2018 మేలో రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4 వేలు. మరుసటి ఏడాది 5 వేలైంది. 2025 జనవరి 26న రైతుభరోసా వచ్చింది. ఎకరాకు ఏడాదికి 12 వేలు, సాగుకు పనికొచ్చే భూమికి. రైతుకు సాయం అందాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ లెక్కలో చెట్టు ఎక్కడా లేదు. గట్టు మీద పది చెట్లు ఉంచిన రైతుకూ అంతే, గట్టు చెరిపేసి నున్నగా చదును చేసిన రైతుకూ అంతే. 2023 జూన్ 30న పోడు భూములకు పట్టాలివ్వటం మొదలైంది. లక్షన్నర ఆదివాసీ కుటుంబాలకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు, వాటికి రైతుబంధు. ఏళ్లుగా దున్నుకుంటున్న వారి హక్కు వారికి దక్కటం న్యాయం. అదే గూడెం వాళ్లు పక్కన అడవిగా ఉంచిన ఎకరానికి మాత్రం సున్నా. దున్నిన ఎకరానికి డబ్బు, ఉంచిన ఎకరానికి సున్నా. ఎవరైనా ఏ వైపు మొగ్గుతారు?

ఇందులో మంచి సంగతి కూడా ఉంది. దారి ఇప్పటికే వేసి ఉంది. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి పేరు మీద, ఏ బ్యాంకు ఖాతా అన్నది ప్రభుత్వం దగ్గర ఉంది. ఎకరం లెక్కన లక్షల మందికి డబ్బు వేసిన అనుభవం ఉంది. చెట్టు నిలబడి ఉందా లేదా అని పై నుంచి చూడటానికి మన బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఎన్ఆర్ఎస్సీ, ఉంది. షాద్‌నగర్‌లో ఉపగ్రహాల సమాచారం దిగుతుంది. ఉగాండా కంటే మన దగ్గర సరంజామా ఎక్కువ.

డబ్బు ఎక్కడిది? క్యాంపా నిధి ఉంది. గనుల కోసమో, రోడ్ల కోసమో, ప్రాజెక్టుల కోసమో అడవి భూమి తీసుకున్నవాళ్లు కట్టే పరిహారం అది. 2016లో దానికి ప్రత్యేక చట్టం చేశారు. 2019 ఆగస్టులో కేంద్రం ఆ నిధిలోంచి రాష్ట్రాలకు 47 వేల కోట్లు పైన పంచింది. తెలంగాణకు వచ్చింది 3,110 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 1,700 కోట్లు దాటి వచ్చింది. ఇప్పుడు ఉగాండాలో చెప్పిన ఆరు వందలు గుర్తు చేసుకోండి. అది 2012 నాటి మాట. మన దగ్గర ఎకరాకు ఏడాదికి 2 వేలు అనుకుందాం. లక్ష ఎకరాలకు 20 కోట్లు. 3,110 కోట్ల ముందు 20 కోట్లు పెట్టి చూడండి. ఒక జిల్లాలో ఐదేళ్లు చేసి చూడటానికి భయపడాల్సిన మొత్తం కాదు.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయి. న్యాయమైనవే.

ఎలాగూ కొట్టనివాడికి కూడా డబ్బిస్తే వృథా కాదా అంటారు. కొంత వృథా ఉంటుంది. ఉగాండాలోనూ అలాంటివాళ్లు చేరారు. వాళ్లను కూడా కలుపుకుని లెక్క కట్టినా ఖర్చు కంటే మేలే ఎక్కువని తేలింది. అయినా జాగ్రత్త అవసరం. వెంచర్లు పడుతున్న రోడ్ల పక్కన, కట్టె వ్యాపారి తరచూ తిరిగే మండలాల్లో, అంటే ముప్పు ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టాలి.

డబ్బు ఆగిపోతే మళ్లీ కొడతారు కదా అంటారు. కొడతారు, అనుమానం లేదు. అందుకే ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి ఫొటో దిగటం పనికిరాదు. చూసి, ఏటేటా, నేరుగా చేతికి.

మూడో మాట, నాకు అన్నిటికంటే బరువైన మాట. ఎవరి చేతికి? పాసుపుస్తకం ఒకరి పేరున ఉంటుంది, చేను కౌలుకు చేసేది ఇంకొకరు. పట్టా మగవాడి పేరున ఉంటుంది, చెట్టుకు నీళ్లు పోసింది ఆడమనిషి. నగరంలో కూర్చున్న యజమాని ఖాతాలో డబ్బు పడి, ఊళ్లో చెట్టు కాచిన కౌలు రైతుకు పైసా రాకపోతే, ఆ చెట్టు ఎన్నాళ్లుంటుంది? రైతుబంధు డబ్బు అందక కౌలు రైతుకు జరిగిన అన్యాయం దీనిలో జరగకూడదు. గూడేల్లో అయితే అడవి ఏ ఒక్కరిదీ కాదు. అక్కడ గ్రామసభకో, పవర్‌గూడలో లాగా ఆడవాళ్ల సంఘానికో చెల్లించాలి. ఈ ఒక్క విషయంలో తప్పటడుగు వేస్తే మిగతాదంతా సరిగా చేసినా ఫలితం ఉండదు.

ఇంకోటి. తోటను అడవి అనుకోకూడదు. ఖమ్మం జిల్లాలో రైతుల బీడు భూముల్లో నీలగిరి పెంచిన ఐటీసీ పథకం ఒకటి 2009లో ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకం కింద నమోదైంది. భద్రాచలం కాగితం మిల్లుకు కర్ర వచ్చింది, రైతుకు ఆదాయం వచ్చింది. బాగుంది. కానీ కోతకు పెంచిన చెట్టు కొన్నేళ్లకు కోతకే వెళ్తుంది. దాన్ని తప్పు పట్టను. నేనడిగే కూలి మాత్రం నిలబడే చెట్టుకు. మద్దికి, ఇప్పకు, తునికికి, చింతకు, మర్రికి.

మంచి పనికి డబ్బు ఆశ పెడితే మంచితనం పోతుందని కొందరు పెద్దలు బాధపడతారు. వనజీవి రామయ్య గారు డబ్బు తీసుకున్నారా అంటారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో ఉంటూ జీవితమంతా విత్తనాలు జల్లి, మొక్కలు నాటి, 2017లో పద్మశ్రీ అందుకుని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారాయన. ఎవరూ కూలి ఇవ్వలేదు. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు వారసత్వంగా వచ్చిన 70 ఎకరాలను అడవిగా పెంచారు. అమ్మితే కోట్లు వచ్చే భూమి. పక్షులకూ జంతువులకూ వదిలేశారు. వారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఫీజు గడువు మీద పడ్డ మూడెకరాల రైతును వారితో పోల్చి నిందించటం అన్యాయం. అందరూ రామయ్యలు కాలేరు. కాకపోయినా చెట్టు నిలబడేలా చూడటమే ప్రభుత్వం పని.

చివరిగా మీకో పని చెబుతాను.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, పండక్కో పెళ్లికో, మీ పొలం దాకా నడవండి. పెద్ద చెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఏ చెట్టు, ఎంత లావు, ఏ సర్వే నంబరు, కాగితం మీద రాయండి. మీ భూమి కౌలుకు ఇచ్చి ఉంటే, "ఈ చెట్లు కొట్టకుండా ఉంచితే కౌలులో ఇంత తగ్గిస్తాను" అని ఇప్పుడే మాట ఇవ్వండి. ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. ఆ తగ్గింపే మీరిచ్చే మొదటి కూలి. పంచాయతీలో గ్రామసభ జరిగే రోజు కనుక్కుని, మీరు వెళ్లలేకపోతే మీ అన్నదమ్ములనో వదినలనో పంపండి. ఒక్క తీర్మానం రాయించండి. నాటిన మొక్కల లెక్కతో పాటు, నరకకుండా ఉంచిన చెట్ల లెక్క కూడా ఊరి రిజిస్టర్‌లో ఎక్కాలని, ఎకరం లెక్కన ఇచ్చే సాయంలో ఆ చెట్లకూ వాటా ఉండాలని. ఆ తీర్మానం నకలు మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి.